పిరికితనానికి గెజిటెడ్ సంతకం

ఎర్రమట్టి శిబిరం, కుజగ్రహం
12 మార్చి 1983

అక్కకు ఆదిమూలం నమస్కారాలు.

నేనిక్కడ క్షేమం అని రాయడం ఆచారం కాబట్టి రాస్తున్నాను. నమ్మకు. ఇక్కడ బల్లులు తప్ప ఎవరూ క్షేమంగా లేరు.

రేపో మాపో పేపర్లో నా పేరు వస్తుంది. ‘చిత్తూరు వీరుడు’ అని వేస్తారట. నువ్వు చదివి నవ్వుకుని, ఆ కాగితంలో వడలు చుట్టి అమ్మేసేయి. నేను ఈ ఆకాశ పటాలంలో ఎలా పడ్డానో నీకు తెలియనిదా? మొక్కు తీర్చుకుని గుండుతో కొండ దిగాను. తిరుపతి బస్టాండు పక్కన పొడవాటి క్యూ కనపడింది. మనవాళ్ళం క్యూ కనపడితే ముందు నిలబడతాం, ఎందుకో తర్వాత అడుగుతాం. నేను భోజనం టోకెన్లకనుకున్నాను. తలుపు దాకా చేరేసరికి మిలిటరీ డాక్టరు నా గుండు నిమిరి, “చూడండి, పిలవకముందే నున్నగా గొరిగించుకుని వచ్చాడు, దేశభక్తి అంటే ఇదీ” అని సంతకం పెట్టించాడు. భోజనం మాత్రం పెట్టారు. ఆ ఒక్క భోజనానికి పులికాట్ అవతలి దీవిలో రాకెట్టెక్కి, మూడు వారాలు కక్కుకుంటూ వచ్చి, ఇక్కడ ఆరు వందల మందికి సాంబారు కాస్తున్నాను.

పోయిన మంగళవారం బల్లులు వంట డేరా మీద పడ్డాయి. ఒక్కొక్కటి ఆరడుగులు. రెండు కాళ్ళ మీద నడుస్తాయి, చేతుల్లో తుపాకులు. ఒకటి పైనుంచి దూకి నా కుడి భుజం మీదే పడింది. నేను చేసిందల్లా పరిగెత్తడమే. చేతిలో సాంబారు బండి ఉంది. దాన్ని వదలాలని తోచక తోసుకుంటూ పరిగెత్తాను. సాంబారు దారంతా ఒలికింది. మన మిరపకారం వాటి చర్మానికి పడదట. ఈ సంగతి నాకూ తెలియదు, శాస్త్రజ్ఞులకూ తెలియదు. బల్లులన్నీ గోక్కుంటూ పారిపోయాయి. ఆగి చూస్తే బండి కింది అరలో హవల్దారు జయరావు ఉన్నాడు, తొడలో తూటాతో. దారిలో అతని బెల్టు చేతికి తగిలితే పట్టుకుని లోపలికి తోసినట్టున్నాను. భయపడ్డవాడు ఏది దొరికితే అది పట్టుకుంటాడు కదా. దీనికి పతకం ఇచ్చారు.

కర్నలుకు నిజం చెప్పాను. “అయ్యా, నేను పారిపోతా ఉన్నాను” అన్నాను. “వినయం కూడా ఉంది” అని రాసుకున్నాడు.

బావకు నమస్కారాలు. మన పుంజు చచ్చిందా, ఉందా? చచ్చుంటే వెంటనే రాయి. కాస్త ధైర్యంగా ఉంటుంది.

నీ తమ్ముడు
ఆదిమూలం

చిత్తూరు
9 ఏప్రిల్ 1983

ఒరే ఆదీ,

నీ అక్క నాగులమ్మ దీవించి రాసేది. ఎనిమిదో తరగతి దాకా అయ్యవారు నేర్పిన తెలుగులోనే రాస్తాను. కోపం వస్తే మాత్రం చేతికి నోటి మాటే వస్తుంది, సర్దుకో.

నువ్వు వీరుడివా! పేపరు చూసి బావ వెంకటముని ఇడ్లీ పళ్ళెం కింద పడేశాడు. ఇప్పుడున్న పుంజు వాళ్ళ తాత తరిమితే చింతచెట్టెక్కి సాయంత్రం దాకా దిగనివాడివి. దీపావళి వస్తే చెవుల్లో దూది పెట్టుకుని గోనెసంచిలో దూరేవాడివి. కొంగారెడ్డిపల్లి రోడ్డులో పిచ్చికుక్క వెంటపడితే ఇంటిదాకా ఏడుస్తూ పరిగెత్తి, మూడు రోజులు మంచం కింద నుంచి రాలేదు. అన్నం పళ్ళెం నేను మంచం కిందికి తోసేదాన్ని. అలాంటివాడికి పతకమా? ఆ పతకాన్ని ఏ గోనెసంచిలో దాచావు?

నీ తరఫున ఊరికి నిజం చెబుదామని నీ ఉత్తరం అంగట్లో గట్టిగా చదివాను. జనం నవ్వుతారనుకుంటే, ఇడ్లీ నోట్లో పెట్టుకుని ఏడ్చారు. వార్డు మెంబరు మునిరత్నం చెయ్యి కడుక్కుని వచ్చి, “గొప్పోళ్ళు అట్లనే అంటారక్కా. నేనేమీ చెయ్యలేదని ఎవుడన్నా అన్నాడంటే అంతా వాడే చేసినట్టు” అన్నాడు.

“అట్లయితే నువ్వేమీ చెయ్యలేదని ఊరంతా అంటా ఉండారే, నువ్వెంత గొప్పోడివబ్బా!” అన్నాను. ఆ రోజు నుంచి మునిరత్నం చట్నీ రెండోసారి అడగడం లేదు.

బల్లి భుజం మీద పడిందన్నావు కదా, బావ పంచాంగం తిరగేశాడు. ఆరడుగుల బల్లి తుపాకితో పడితే ఏ ఫలమో పట్టికలో లేదు. ఎందుకైనా మంచిదని నీ పేరు మీద దీపం పెట్టాను. అయినా కుజదోషం ఉంటే పెళ్ళి కాదని అందరూ కుజుడికి శాంతి చేయించుకుంటారు. నువ్వు పోయి ఆయన నెత్తి మీదే కూర్చున్నావు. నీకు పిల్లనెవరిస్తారురా?

పుంజు దివ్యంగా ఉంది. మొన్న పోస్టుమేన్‌ను పొడిచింది.

నీ అక్క
నాగులమ్మ

ఎర్రమట్టి శిబిరం
3 మే 1983

అక్కా,

కొంప ముంచావు. అంగట్లో చదవమని నేను చెప్పానా? నువ్వు చదివితే ఇడ్లీ తింటున్న విలేకరి రాసుకున్నాడు. పేపర్లో వేశారు. ఆ పేపరు మొదటి రాకెట్లో ఇక్కడికి వచ్చింది. కర్నలు పటాలం మొత్తాన్నీ నిలబెట్టి చదివించాడు. ‘నేను చేసిందల్లా పరిగెత్తడమే’ అన్నచోట ఇద్దరు సుబేదార్లు కళ్ళు తుడుచుకున్నారు.

అందుకు ప్రతిఫలంగా నన్ను వంట నుంచి తీసి గస్తీలో వేశారు. నలభై మందిమి ఇసుక మైదానంలోకి వెళ్ళాం. దూరాన దుమ్ము లేచింది. అది బల్లులో గాలో నాకు తెలియదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు. వెనక్కి తిరిగి పరిగెత్తాను. సైన్యంలో ఒక జబ్బు ఉంది. ఒకడు పరిగెత్తితే, వాడికేదో తెలుసునని అందరూ వాడి వెనక పరిగెత్తుతారు. మేం నిలబడ్డ చోట కాసేపటికే బాంబులు పడ్డాయి. ఒక్కడూ పోలేదు. ‘ఆదిమూలం ముందుచూపు’ అని బులెటిన్ రాశారు. నన్ను లాన్స్‌నాయక్‌ను చేసి చొక్కా చేతికి గీత కుట్టారు. ఆ గీత దూరం నుంచి బల్లులకు బాగా కనపడుతుందని విని, దాని మీద మట్టి పూసుకున్నాను.

అంగట్లో చదవనంటే ఒక నిజం చెప్తాను. నేను అందరికంటే చాలా ముందు చేరాల్సింది. మనుషులు చాలక మా పటాలంలో క్రాపులు తీసే కుప్పుస్వామిని కూడా ఆ గస్తీలో వేశారు, వేలూరు పక్క మనిషి, యాభై దాటాయి, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. “తంబీ, నన్ను ఇడిసిపెట్టొద్దు” అని మెడ పట్టుకున్నాడు. మెడ పట్టుకున్నవాణ్ణి ఎలా విడిపించుకుంటాం చెప్పు? సగం దూరం ఆయన మోకాళ్ళ నడకే నా నడక అయింది. వెనక బాంబులు, మెడలో కుప్పుస్వామి. నా ప్రాణం నా దగ్గర లేదు. ఇంకోసారి ఆయనకు కనపడకుండా పరిగెత్తాలని గట్టిగా తీర్మానించుకున్నాను.

పోస్టుమేన్‌కు నా సానుభూతి చెప్పు.

ఆదిమూలం

చిత్తూరు
1 జూన్ 1983

ఆదీ,

ఈసారి బావకు మాత్రమే చదివాను. బావ ఎవరికీ చెప్పలేదు. ఇడ్లీ పిండికి చెప్పుకున్నాడేమో.

పన్నెండేళ్ళుగా ఉన్న ‘నాగులమ్మ అంగడి’ బోర్డు గోకేసి, ‘వీరుడి అక్క అంగడి’ అని రాయించాడు మునిరత్నం. నా పేరు నాకే లేకుండా పోయింది. బడిపిల్లల్ని వరసగా తెచ్చి నన్ను చూపించిపోతున్నారు. ఒక పిల్ల నా కాలు చూసి, “ఈమెకు కూడా యుద్ధంలోనే తగిలిందా సార్?” అంది. యుద్ధం కాదు తల్లీ, రెండేళ్ళప్పుడు జ్వరం వచ్చి పోయిన కాలు అని చెప్పాను. అయ్యవారికి నా జవాబు నచ్చలేదు.

వీధి మొదట్లో నీ విగ్రహం పెడుతున్నారు. నీది ఒక్కటే ఫోటో దొరికింది, సైన్యంలో చేరిన రోజు తీసింది, గుండుతో, ఏడుపు మొహంతో. శిల్పి దానికి జుట్టు పెట్టాడు, మీసం పెట్టాడు, ఛాతీ ముందుకు తోశాడు. చేతికి కత్తి ఇచ్చాడు. గరిటె ఇవ్వవయ్యా, మావాడికి అదే వచ్చు అన్నాను. వినలేదు.

నవ్వడం ఇంతటితో సరి. మొన్న మునిరత్నం మెల్లగా పక్కన కూర్చుని ఏమన్నాడో తెలుసా? “కోపగించుకోవద్దక్కా. బతికుండేవాడికి విగ్రహం పెడితే జనాలు అంతగా రారు. ఎర్రకొండ మీదికి మనోణ్ణి ముందు వరసలో పంపిస్తారని పేపర్లో ఉండాది. ఆడ ఏమన్నా గొప్పగా జరిగిందనుకో, నేను మంత్రినే పిలిపిస్తా.”

గొప్పగా అంటే ఏమిటో నాకు తెలియదా? గరిటెతో మొహం మీద కొట్టేదాన్ని. గరిటెలో చట్నీ ఉండి ఊరుకున్నాను.

ఒరే, ఎర్రకొండ ఏంది? యాడుండాది? నువ్వు ఆడికి పోతా ఉండావా? నాకెందుకు చెప్పలేదు? వీళ్ళకు నువ్వు పోతేనే పండగరా. నువ్వు బతకాలని ఈ ఊర్లో అనుకునేది నేనూ బావా ఇద్దరమే. వెంటనే రాయి.

నాగులమ్మ

ఎర్రమట్టి శిబిరం
24 జూన్ 1983

అక్కా,

నీకు చెప్పకూడదనుకున్నాను. పేపరోళ్ళు చెప్పేశారు.

ఎర్రకొండ మీదికి జనవరిలో మన దళం ఒకటి ఎక్కింది. చుట్టూ బల్లులు మూసుకున్నాయి. వాళ్ళను విడిపించమని ఇంకో దళాన్ని పంపారు. వాళ్ళలో సగం పోయారు, సగం పైన ఇరుక్కున్నారు. వాళ్ళను విడిపించమని మూడో దళాన్ని పంపారు. మళ్ళీ అంతే. ఇప్పుడు ఆగస్టు 30న నాలుగోసారి. ముందు వరసలో పతకాలున్నవాళ్ళు. మధ్యలో జెండాతో నేను. జెండా పట్టేవాడికి తుపాకి ఇవ్వరట, చేతులు ఖాళీ ఉండవు కాబట్టి.

నాకు చావంటే భయం అక్కా. ఇందులో వినయం లేదు. అన్నం దిగడం లేదు.

ఒక్క దారి ఉంది. ఆఫీసులో పాత ఫారాల కట్టలో పద్నాలుగో నంబరు ఫారం దొరికింది. రక్తసంబంధీకులు ఎవరైనా గెజిటెడ్ అధికారి ఎదుట, ఈ సిపాయి పుట్టుకతోనే పిరికివాడు అని చెప్పి, ఆయన సంతకం, ముద్ర వేయించి పంపితే, ఆ సిపాయిని ముందు వరస నుంచి తీసి వంటకు పంపాలి. ధైర్యానికి ఎవరూ కాగితం అడగరు. పిరికితనానికి మాత్రం గెజిటెడ్ సంతకం కావాలి.

ఫారం ఇందులో పెట్టాను. పుంజు సంగతి చెప్పు. గోనెసంచి సంగతి చెప్పు. పిచ్చికుక్క సంగతి మాత్రం మర్చిపోకుండా చెప్పు, మన దగ్గర ఉన్న సాక్ష్యాల్లో అదే గట్టిది. వీధంతా చూసింది. ఆగస్టు 25 లోపల అందాలి.

నీ కాళ్ళు పట్టుకుంటున్నాను.

ఆది

చిత్తూరు
20 జూలై 1983

ఆదీ,

ఈ ఉత్తరం చదివి నన్ను ఏమైనా అను. నేను ఎదురు చెప్పను.

ఫారం పట్టుకుని నలుగురు ఆఫీసర్ల దగ్గరికి తిరిగాను. వీరుణ్ణి పిరికివాడని రాస్తే జనం కొడతారని ముగ్గురు తలుపు వేసుకున్నారు. నాలుగోవాడు పశువుల డాక్టరు రామచంద్ర. ఆయనదీ గెజిటెడ్ ఉద్యోగమే. మన అంగట్లోనే ఇడ్లీ తింటాడు. “నాగులమ్మా, కాణిపాకం పోదాం రా. తలస్నానం చేసి ఆ వినాయకుడి ముందర తడిబట్టలతో చెప్పు. ఆడ చెప్పిన మాటను మార్చకుండా రాసి ముద్ర వేస్తా. ఆయన ముందర పలికిందంటే ఇంక నన్ను అడిగే మొగోడు ఈ జిల్లాలో లేడు” అన్నాడు. న్యాయమే అనిపించింది. గట్టు తగాదాల నుంచి గొడ్డు దొంగతనాల దాకా మనవాళ్ళు అక్కడే తేల్చుకుంటారు, నీదీ తేల్చేద్దామనుకున్నాను. చెప్పాల్సినవన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టుకుని బస్సెక్కాను.

బస్సులో ఆయన ఒక్కొక్కటే అడిగాడు. పుంజు అన్నాను, నవ్వాడు. గోనెసంచి అన్నాను, నవ్వాడు. పిచ్చికుక్క అన్నాను. పశువుల డాక్టరు కదా, నవ్వలేదు.

“మీ ఇద్దరూ ఉండారా?”

“బడి నుంచి వస్తా ఉండాము. నాకు పద్నాలుగు, వాడికి ఎనిమిది. వాడు నన్ను లాక్కొని పరిగెత్తినాడు.”

“పిచ్చి పట్టిన కుక్క ఎదురుగా ఉండేదాన్నే కరుస్తాది. ఈ కాలుతో నువ్వెట్ల తప్పించుకున్నావమ్మా?”

ఇరవై ఏళ్ళుగా ఆ కథ ఎందరికో చెప్పి నవ్వించాను. ఈ మాట ఒక్కరూ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు.

స్నానం చేసి, తడి చీరతో స్వామి ముందు నిలబడ్డాను. రామచంద్ర కాగితం, పెన్ను పట్టుకుని పక్కన నిలబడ్డాడు. ‘నా తమ్ముడు పుట్టు పిరికివాడు’ అని మొదలుపెట్టాను. తర్వాత గొంతు రాలేదు. మూడుసార్లు నోరు తెరిచాను. నీళ్ళు కారుతున్నాయి, చీర నుంచో కళ్ళ నుంచో తెలియదు. దేవుడికి భయపడి కాదురా. నా కాలు గుర్తొచ్చింది. ఆ రోజు వీధిలో పెద్దవాళ్ళందరూ మనల్ని దాటుకుని పరిగెత్తారు. నువ్వు అందరికంటే గట్టిగా ఏడుస్తున్నావు. నీ చెయ్యి మాత్రం నా చేతిలోనే ఉంది. వదిలేసి ఉంటే నువ్వు ఒక్క ఉరుకులో ఇంట్లో ఉండేవాడివి. నువ్వు నా నడకతో పరిగెత్తినావురా. నాకు ఇన్నేండ్లకు తెలిసొచ్చింది.

అప్పుడు నోరు వచ్చింది. “నా తమ్మునికి అన్నిటికీ భయమే సామీ. వాడు పారిపోతాడు. ఎప్పుడూ పారిపోతాడు. కానీ ఒక్కడే పారిపోడు. పక్కనుండేవాళ్ళలో ఎవురు మెల్లగా నడస్తారో వాళ్ళ నడకతోనే పారిపోతాడు. ఇది నిజం.” రామచంద్ర అక్షరం పొల్లుపోకుండా రాసి, ముద్ర వేసి, ఆ రోజే పోస్టు చేసేశాడు. మార్చి రాయవయ్యా, పిరికివాడని ఒక్క ముక్క రాయి అని బయటికొచ్చి కాళ్ళా వేళ్ళా పడ్డాను. స్వామి ముందు పలికింది మార్చడం తన వల్ల కాదన్నాడు.

నేను నిన్ను చంపుకుంటున్నానేమోరా ఆదీ. అబద్ధం చెబుదామనే పోయినాను. నిజంగా అబద్ధం చెబుదామనే పోయినాను.

నాగులమ్మ

ఎర్రమట్టి శిబిరం
10 ఆగస్టు 1983

శ్రీమతి నాగులమ్మ గారికి,

తమరు నిజం చెప్పారు. చాలా సంతోషం. తమ నిజాన్ని జెండా కర్రకు కట్టుకుని ఎర్రకొండ ఎక్కుతాను.

పుంజు, గోనెసంచి అని నాలుగు మాటలు చెప్పి రమ్మంటే, చిన్నప్పటి చెయ్యి పట్టుకోవడం గుర్తొచ్చిందా? అది ధైర్యమని ఎవరు చెప్పారు? భయంతో పట్టుకున్నాను, వదలడం చేతకాలేదు. అంతే. దానికి నన్ను చంపుతారా?

కాగితం ఈ ఉదయం కర్నలుకు అందింది. రెండుసార్లు చదివాడట. సాయంత్రం రమ్మని కబురు పంపాడు. సుబేదార్లు నన్ను చూసి ఇప్పటినుంచే టోపీలు తీస్తున్నారు.

మునిరత్నానికి చెప్పు, మంత్రిని పిలవమని.

ఆదిమూలం

చిత్తూరు
2 సెప్టెంబరు 1983

ఆదీ,

నీ ఉత్తరం నిన్న అందింది. గారు అని రాశావు. దానికంటే రాయి తీసుకుని కొట్టినా బాగుండేది.

ఇది నీకు అందుతుందో లేదో తెలియదు. ఆగస్టు 30 అయిపోయింది. పేపర్లో ఒక్క ముక్క లేదు. బావ రోజూ పేపరు చివరి పేజీ దాకా చదివి, మడిచి, పిండి రుబ్బుతున్నాడు. నేను అన్నం ముందు కూర్చుని లేస్తున్నాను.

మునిరత్నం విగ్రహానికి రెండు రాతి పలకలు చెక్కించాడు. ఒకదాని మీద ‘వీరుడు’, ఇంకోదాని మీద ‘అమరవీరుడు’. ఏ కబురు వచ్చినా ఆలస్యం కాకూడదట. రెండో పలకను మన అంగడి గోడకు ఆనించి పెట్టి, “చూసుకుంటా ఉండక్కా” అని పోయాడు. నేను చూసుకున్నాను. రుబ్బురోలు పొత్రం ఎత్తి దాని మీద వేశాను. నాలుగు ముక్కలైంది. వాడు అడిగితే, చెయ్యి జారింది అని బావ చెప్పాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో బావ ఆడిన మొదటి అబద్ధం అది. అంత సులభంగా వచ్చేసింది ఆయనకు. నాకెందుకు రాలేదురా ఆ రోజు?

నన్ను తిట్టు. వచ్చి అంగడి ముందర నిలబడి ఊరంతా వినేట్టు తిట్టు. బతికుండి తిట్టు నాయనా. నాకు వేరే ఏమీ వద్దు.

నీ అక్క

ఎర్రమట్టి శిబిరం, ఆస్పత్రి డేరా
5 అక్టోబరు 1983

అక్కా,

బతికే ఉన్నాను. ముందు బావకు చెప్పు, తర్వాత కూర్చుని చదువు.

నేను గారు అని రాసిన ఉత్తరం పొయ్యిలో వెయ్యి. భయంలో రాశాను. నేను ఏ పని చేసినా భయంలోనే చేస్తానని నీకు తెలుసు.

ఆ సాయంత్రం కర్నలు నీ కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. “కొండ ఎక్కే వీరులు నా దగ్గర కొల్లలుగా ఉన్నారు. వాళ్ళంతా కొండ మీదే ఉన్నారు. నాలుగోసారి ఎక్కించను. దించేవాడు కావాలి” అన్నాడు. “నాకు పారిపోవడం తప్ప ఏమీ రాదు సార్” అన్నాను. “అదే. వెళ్ళి వాళ్ళతో కలిసి పారిపోయి రా” అన్నాడు. సైన్యం పుస్తకంలో దాడికి పదకొండు అధ్యాయాలు ఉన్నాయి, వెనక్కి రావడానికి ఒక్క పేజీ లేదు. అందుకని కాగితాల్లో దీనికి ‘వెనుక దిక్కుగా దాడి’ అని పేరు పెట్టారు.

జయరావు కుంటుతూ వస్తానన్నాడు. కుప్పుస్వామి నన్ను వదలనన్నాడు. వంట గోదాములోని ముప్పై బస్తాల మిరపకారం సాంబారు బండ్ల మీద వేసుకున్నాం. దారికి రెండు పక్కలా ముగ్గు పోసినట్టు కారం పోసుకుంటూ వెళ్ళాం. బల్లులు తుపాకి గురి కుదరక దూరంగా నిలబడి తుమ్మాయి. పైన బతికి ఉన్నది మూడువందల ఎనభై ఆరుగురు. అందులో సగానికి గాయాలు.

దిగడం ఎలాగో నాకు తెలిసింది ఒక్కటే, మనవాళ్ళు అలిపిరి మెట్లెక్కే పద్ధతి. ముసలివాళ్ళనూ నడవలేనివాళ్ళనూ ముందు పెడతాం, కుర్రవాళ్ళు వెనక నడుస్తారు. ముందునుంచి ఒకరు గోవిందా అంటే, వరసగా చివరిదాకా పోయి మళ్ళీ ముందుకు రావాలి. రాలేదంటే ఎవరో కూలబడ్డారని అర్థం. అందరూ ఆగాలి. కుప్పుస్వామిని అందరికంటే ముందు పెట్టాను. ఆయన మోకాళ్ళు ఎంత నడిస్తే సైన్యం అంత నడిచింది. జయరావు మాత్రం గోవిందా అనకుండా స్తోత్రం అనేవాడు. లెక్కకు అదీ సరిపోయింది.

పదకొండు రోజులు పారిపోయాం. అంత నెమ్మదిగా ఎవరూ పారిపోయి ఉండరు. నేను అందరికంటే చివర నడిచాను. అది ధైర్యమని మళ్ళీ కాణిపాకంలో చెప్పేవు. వెనకేం వస్తుందో కనపడకపోతే నాకు భయం ఎక్కువ, అందుకని. శిబిరం కనపడుతుండగా కారం అయిపోయింది. ఒక బల్లి నా ఎడమకాలు పట్టుకుంది. మూడు వేళ్ళు దానికి వదిలేసి వచ్చాను. ముందు వరస నుంచి కుప్పుస్వామి అరిచిన గోవిందా అప్పుడే నా దగ్గరికి వచ్చింది. ఏడుస్తూనే బదులు పలికాను. మూడువందల ఎనభై ఆరుగురూ దిగారు.

ఇంకో పతకం ఇచ్చారు. ‘శత్రువును ఎదిరించినందుకు’ అని రాసి ఉంది. నేను ఎవర్నీ ఎదిరించలేదు, తిరిగి కూడా చూడలేదు. ఇంటికి పంపేస్తున్నారు. నవంబరు మూడో వారంలో పులికాట్‌లో దిగి నాయుడుపేట మీదుగా బస్సులో వస్తాను. రాగానే నేనే కాణిపాకం వెళ్ళి, తలస్నానం చేసి, తడిబట్టలతో ప్రమాణం చేస్తాను. నేను పిరికివాణ్ణి. ఈ గొడవ అక్కడితో తేలిపోవాలి.

బల్లి ఎడమకాలి మీద పడితే ఏ ఫలమో బావను చూడమను. ఇప్పుడు నేను కుంటుతాను. డాక్టరు ఇది ఇంతే అన్నాడు.

నీ తమ్ముడు
ఆది

చిత్తూరు
28 అక్టోబరు 1983

నాయనా ఆదీ,

నీ ఉత్తరం బావ చదువుతుంటే నేను పొయ్యి దగ్గర నేల మీద కూలబడి ఏడ్చాను. ఒక వాయి ఇడ్లీ మాడిపోయింది. బావ మళ్ళీ మొదటి నుంచి చదివాడు.

ఎడమకాలి మీద బల్లి పడితే ఇల్లు చేరతారని పంచాంగంలో ఉందట. అచ్చులో ఉందో, బావ పెన్నుతో రాసుకున్నాడో నేను చూడలేదు.

మునిరత్నం కొంచెం దిగులుగా ఉన్నాడు. మంత్రి రాడట. విగ్రహానికి రెండు కాళ్ళూ బాగున్నాయి, అది మా వాడిది కాదు, మార్చండి అన్నాను. శిల్పికి తీరిక లేదన్నారు. నేనే సుత్తి తీసుకుని పోయి ఎడమకాలి వేళ్ళు మూడు కొట్టేశాను. ఇప్పుడు కొద్దిగా నీ పోలిక వచ్చింది. మీసం సంగతి నువ్వొచ్చి చూసుకో. పాత బోర్డు మళ్ళీ రాయించాను, ‘నాగులమ్మ అంగడి’ అని.

కాణిపాకం పోతావా? తప్పకుండా పో. నేనూ వస్తాను, రామచంద్ర సార్ కూడా కాగితం తెస్తానన్నాడు. ఆ సామి ముందర తడిబట్టలతో నిలబడి, నేను పిరికోణ్ణి అని నోరు తెరిచి చెప్పు, చూస్తాను. నాకు మూడుసార్లు గొంతు రాలేదు. నీకు ఎన్నిసార్లు రాదో లెక్కపెట్టుకుంటా.

పుంజును కట్టెయ్యలేదు. నువ్వొచ్చి భయపడాల గదా.

బస్సు దిగి ఆడే నిలబడు, నేనొస్తా. మునిరత్నం మేళం పెట్టిస్తానన్నాడు, పెట్టుకోనీ. మనం మేళం ముందర నడవొద్దు, వెనక నడుద్దాం. నా చెయ్యి పట్టుకో, వదలొద్దు. ఎవురు ఎవురి కోసం మెల్లగా నడస్తా ఉండారో ఈ ఊరోళ్ళకు తెలియనీయొద్దు.

నీ అక్క
నాగులమ్మ